మీ ప్రశ్నలు – మా జవాబులు: నవంబరు రాకముందే తేలిపోయే అమెరికా ఎన్నికలు

ఈసారి అమెరికా ఎన్నికల మీద, అందులోనూ ప్రైమరీల మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. కొన్ని ఇక్కడున్న అమ్మానాన్నలు రాసినవి, కొన్ని అక్కడ ఓటు హక్కు వచ్చినవాళ్లు రాసినవి. ఒకేలాంటివి కలిపేసి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు న్యూజెర్సీలో ఉంటారు. ఇద్దరికీ సిటిజన్‌షిప్ వచ్చింది. జూన్‌లో ఓటెయ్యాలి అంటుంటే "ఎన్నికలు నవంబరులో కదే" అన్నాను. "మా దగ్గర జూన్‌లోనే అసలు ఎన్నికమ్మా" అంది. అదెలా? (విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

మీ అమ్మాయి చెప్పింది నిజమేనండి. మన దగ్గర టికెట్ ఎవరికన్నది అధిష్ఠానం తేలుస్తుంది, బీ-ఫారం చేతికొస్తే సగం పని అయినట్టే. అమెరికాలో ఆ బీ-ఫారం ఎవరికివ్వాలో ఓటర్లే తేలుస్తారు, అందుకోసం జరిగే ఎన్నికే ప్రైమరీ. అక్కడా ఒకప్పుడు పార్టీ పెద్దలే తలుపులేసుకుని తేల్చేవాళ్లు. ఆ పెత్తనం పోవాలని విస్కాన్సిన్‌లో గవర్నర్ రాబర్ట్ లా ఫాలెట్ పట్టుబట్టి 1903లో రాష్ట్రమంతటికీ ప్రైమరీ చట్టం తెప్పించారు, చూస్తుండగానే మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. అధ్యక్ష పదవికి మాత్రం 1968 దాకా పెద్దల మాటే చెల్లింది. ఆ ఏడాది అప్పటి ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీ ప్రైమరీల్లో పోటీకి దిగకుండానే డెమోక్రాటిక్ అభ్యర్థి అయిపోయారు, షికాగోలో పార్టీ మహాసభ జరుగుతుంటే బయట వీధుల్లో లాఠీలు లేచాయి, ఆ తర్వాతే రూల్స్ మార్చి 1972 నుంచి ప్రైమరీలకు పెద్దపీట వేశారు.

అంటే ప్రైమరీ పుట్టిందే ఒక సంస్కరణగా. దాని మీద నాకు గౌరవం ఉంది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ప్రతినిధుల సభలో ఉన్న 435 సీట్లలో చాలావాటిలో ఏ పార్టీ గెలుస్తుందో ముందే తెలిసిపోతుంది. కొంత, ఒకే రకం ఆలోచన ఉన్నవాళ్లు ఒకే చోట ఇళ్లు కొనుక్కోవడం వల్ల. కొంత, అధికారంలో ఉన్న పార్టీ తనకు అనుకూలంగా నియోజకవర్గాల గీతలు గీసుకోవడం వల్ల. అలాంటి చోట నవంబరు ఎన్నిక లాంఛనమే. ఆ పార్టీ ప్రైమరీలో గెలిచినవాళ్లే సభలో కూర్చుంటారు, కానీ ఆ ప్రైమరీకి వచ్చి ఓటేసేది చాలా కొద్దిమంది.

ఒక్క చోటు చూడండి. న్యూయార్క్ నగరంలో బ్రాంక్స్, క్వీన్స్ భాగాలు కలిసిన 14వ జిల్లా (అక్కడ నియోజకవర్గాన్నే జిల్లా అంటారు), సుమారు ఏడు లక్షల జనం. 1999 నుంచి సభలో ఉంటూ డెమోక్రాట్లలో నాలుగో స్థానం దాకా ఎదిగిన జో క్రౌలీని 2018 జూన్‌లో అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ ఓడించారు. ఆమె గెలుపు గొప్ప గెలుపే, ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకున్నది, దాన్ని తక్కువ చెయ్యడం లేదు. కానీ ఆ రోజు ఇద్దరికీ కలిపి పడిన ఓట్లు 30 వేలు కూడా లేవు. నవంబరులో ఆమెకు 78 శాతం వచ్చింది, అంటే ఏడు లక్షల మంది తరఫున మాట్లాడేదెవరో ఆ 30 వేల లోపు ఓట్లే తేల్చేశాయి. దేశం మొత్తం మీద చూసినా అధ్యక్ష ఎన్నిక లేని ఏడాదిలో ప్రైమరీకి వచ్చేది అర్హుల్లో ఐదో వంతు అటూ ఇటూగా. మీ అమ్మాయి జూన్‌లో వెళ్లి ఓటేస్తానంటే ఆపకండి, మీరే గుర్తుచెయ్యండి.

ప్రశ్న: నేను ఎడిసన్‌లో ఉంటాను. ఏ పార్టీలోనూ రిజిస్టర్ కాలేదు, కావాలనీ లేదు. ప్రైమరీలో ఓటు ఉంటుందా?

న్యూజెర్సీలో ఉంటుందండి. ఏ పార్టీకీ చెందనివాళ్లు పోలింగ్ రోజున అక్కడికక్కడే "నాకు ఫలానా పార్టీ బ్యాలెట్ కావాలి" అని చెప్పి వెయ్యొచ్చు. అలా అడిగితే రికార్డులో మీరు ఆ పార్టీ ఓటరు అయిపోతారు. ఇష్టం లేకపోతే తర్వాత ఫారం పెట్టి మళ్లీ ఏ పార్టీకీ చెందని ఓటరుగా మారొచ్చు. ఇప్పటికే ఒక పార్టీలో ఉండి రెండోదానికి మారాలంటే మాత్రం ప్రైమరీకి 55 రోజుల ముందే మారాలి.

హడ్సన్ నది దాటి న్యూయార్క్ వెళ్తే కథ వేరు. అక్కడ పార్టీలో ముందే నమోదై ఉంటేనే ఓటు, జూన్ ప్రైమరీకి పార్టీ మారాలంటే ఫిబ్రవరి 14 లోపే మారాలి, అప్పటికి ఎవరెవరు పోటీలో ఉంటారో కూడా సరిగ్గా తేలదు. ఒకప్పుడు ఇంకా ఘోరంగా ముందు సంవత్సరం అక్టోబరులోనే గడువు ముగిసేది. 2016లో డొనాల్డ్ ట్రంప్ పిల్లలు ఇవాంకా, ఎరిక్ ఆ గడువు దాటిపోవడంతో న్యూయార్క్ ప్రైమరీలో సొంత తండ్రికే ఓటు వెయ్యలేకపోయారు. ఆ ఇంట్లోవాళ్లకే తెలియలేదంటే షిఫ్టుల్లో పనిచేసుకునే మామూలు మనిషికి ఎక్కడ తెలుస్తుంది? గ్యాలప్ సర్వేల్లో ఏ పార్టీవాళ్లమూ కామని చెప్పేవాళ్లు 40 శాతం పైనే తేలుతున్నారు. వాళ్లు కట్టే పన్నుతో జరిగే ఎన్నికలో వాళ్లకే చోటు లేకుండా చెయ్యడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయికి గ్రీన్ కార్డు ఉంది, డల్లాస్‌లో ఉంటాడు. వాడు ప్రైమరీలో అయినా ఓటెయ్యొచ్చా? (ఏలూరు)

వద్దు. అక్కడ ఓటు సిటిజన్లకే, ప్రైమరీ అయినా సరే. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో ఇచ్చే కాగితాల్లో ఓటరు నమోదు గడి కూడా ఉంటుంది, చూసుకోకుండా టిక్కు పెడితే రేపు సిటిజన్‌షిప్ దగ్గర పెద్ద తలనొప్పి అవుతుంది. ఈ మాట అబ్బాయికి ఈరోజే ఫోన్ చేసి చెప్పండి.

ప్రశ్న: రాజనీతి శాస్త్రం చదువుతున్నాను. ప్రైమరీ వల్ల నాయకులు భయపడి పార్టీ గీత దాటరు అంటారు. దానికి రుజువేమన్నా ఉందా, ఊరికే అనే మాటేనా? (వరంగల్)

రుజువు కావాలంటే 2022 ఆగస్టు 16 తీసుకో. ఆ ఒక్క రోజున రెండు రాష్ట్రాల్లో ప్రైమరీలు జరిగాయి. రెండింటిలోనూ ట్రంప్‌కు ఎదురు నిలిచిన రిపబ్లికన్ మహిళలు పోటీలో ఉన్నారు, ఆయన ఇద్దరి మీదా తన అభ్యర్థులను నిలబెట్టారు.

వయోమింగ్‌లో లిజ్ చెనీ. 2021 జనవరిలో ట్రంప్ అభిశంసనకు ఓటేసిన పదిమంది రిపబ్లికన్ సభ్యుల్లో ఒకరు. అక్కడిది పార్టీ ప్రైమరీ. పోలింగ్ రోజున కూడా పార్టీ మారొచ్చు కాబట్టి కొందరు డెమోక్రాట్లు మారి వచ్చి మరీ ఆమెకు ఓటేశారు. అయినా 29 శాతం దగ్గర ఆగిపోయారు, హ్యారియెట్ హేగ్‌మన్ చేతిలో ఓటమి, కథ ఆ రాత్రితోనే ముగిసింది. అంతటితో ఊరుకోకుండా 2023లో, ప్రైమరీకి ముందు కొన్ని నెలల పాటు ఎవరూ పార్టీ మారకూడదని చట్టం కూడా చేశారు.

అలాస్కాలో లీసా మర్కోవ్‌స్కీ. ఆ అభిశంసన మీద సెనేట్ విచారణలో ట్రంప్ దోషి అని ఓటేసిన ఏడుగురు రిపబ్లికన్లలో 2022లో మళ్లీ ప్రజల ముందుకెళ్లింది ఆవిడ ఒక్కరే. ఆవిడకూ పార్టీ ప్రైమరీయే ఉండుంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు, ఎందుకంటే 2010లో ఆమె ఒకసారి అలాగే జో మిల్లర్ చేతిలో ప్రైమరీ ఓడిపోయారు, బ్యాలెట్ మీద పేరు లేకుండానే, ఓటర్లు చేత్తో పేరు రాస్తే గెలిచి బయటపడ్డారు. కానీ 2020లో అలాస్కా ఓటర్లు చాలా తక్కువ తేడాతో పద్ధతి మార్చేసుకున్నారు. పార్టీ ఏదైనా అభ్యర్థులందరూ ఒకే బ్యాలెట్ మీద ఉంటారు, ఓటరు ఎవరైనా వెయ్యొచ్చు, మొదటి నలుగురు నవంబరుకి వెళ్తారు, అక్కడ ఓటరు తన ఇష్టాన్ని ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరసలో పెడతాడు. మర్కోవ్‌స్కీ, ట్రంప్ బలపరిచిన కెల్లీ షిబాకా ఇద్దరూ నవంబరుకి వెళ్లారు, అక్కడ అందరూ ఓటేస్తే మర్కోవ్‌స్కీ గెలిచారు.

ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకో బాబూ. అలాస్కా పద్ధతి ఉంటే చెనీ గెలిచేవారని నేను అనడం లేదు, వయోమింగ్ ఓటర్లలో ఎక్కువమంది ఆమె మీద కోపంగానే ఉన్నారు. కానీ నవంబరు దాకా వెళ్లి రాష్ట్రంలో ప్రతి ఓటరు ముందూ తన వాదన చెప్పుకునే అవకాశం ఉండేది. ఓడినా అందరి చేతిలో ఓడేవారు. నాకు ఆ తేడా ముఖ్యం. సభ్యులు బిల్లు మీద చెయ్యెత్తేటప్పుడు ఎవరి మొహం గుర్తుకొస్తుందన్నది ఆ తేడాను బట్టే ఉంటుంది.

అభిశంసనకు ఓటేసిన ఆ పదిమంది సంగతి పూర్తిగా చెప్పాలంటే, నలుగురు పోటీ నుంచే తప్పుకున్నారు, నలుగురు ప్రైమరీలో ఓడారు, మిగిలింది ఇద్దరే: కాలిఫోర్నియా నుంచి డేవిడ్ వలదావ్, వాషింగ్టన్ రాష్ట్రం నుంచి డాన్ న్యూహౌస్. రెండూ పార్టీతో పని లేకుండా అందరూ ఓటేసే ప్రైమరీ ఉన్న రాష్ట్రాలే. అయితే పరీక్షలో రాసేటప్పుడు ఇంకో పేరు వదిలెయ్యకు. అదే వాషింగ్టన్ రాష్ట్రంలో, అదే పద్ధతిలో హైమే హెరేరా బ్యూట్లర్ మూడో స్థానానికి పడిపోయి ఓడిపోయారు. మొదటి ఇద్దరినే పంపే పద్ధతి కదా, మూడో స్థానం అంటే ఇంటికే.

ప్రశ్న: ఫ్రీమాంట్‌లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాం. మా దగ్గర నవంబరు బ్యాలెట్ మీద ఒక్కోసారి ఇద్దరూ డెమోక్రాట్లే ఉంటారు. దీన్ని సంస్కరణ అనాలా, ఒక పార్టీ పాలన అనాలా?

మీ జిల్లా ఉదాహరణే తీసుకుందాం, ఇంతకంటే మంచిది దొరకదు. 2010లో కాలిఫోర్నియా ఓటర్లు ప్రాపొజిషన్ 14 ఆమోదించారు, 2012 నుంచి ప్రైమరీలో మొదటి ఇద్దరు, ఏ పార్టీవారైనా, నవంబరుకి వెళ్తున్నారు. 2014లో రో ఖన్నా, అప్పటికే సభ్యుడైన మైక్ హోండా మీద పోటీ చేశారు, ఇద్దరూ డెమోక్రాట్లే. ప్రైమరీలో ఖన్నా చాలా వెనకబడ్డారు. పాత పద్ధతిలో అయితే అక్కడితో సరి. కొత్త పద్ధతిలో రెండో స్థానం వచ్చింది కాబట్టి నవంబరు దాకా వెళ్లి కొద్ది తేడాతో ఓడారు, మళ్లీ 2016లో నిలబడి బాగా గెలిచారు. ఆ జిల్లాలో రిపబ్లికన్ గెలిచే పరిస్థితి ఎలాగూ లేదు. కాకపోతే ఇద్దరు డెమోక్రాట్లలో ఎవరు కావాలన్న ప్రశ్న అక్కడి రిపబ్లికన్లనూ, ఏ పార్టీకీ చెందని మనవాళ్లనూ కూడా అడిగారు. నాకైతే ఇది ఒక పార్టీ పాలన కంటే మెరుగే.

అలాగని కాలిఫోర్నియా పద్ధతిని నేను నెత్తిన పెట్టుకోను. ఇద్దరినే పంపడంలో ప్రమాదం ఉంది. 2012లో శాన్ బెర్నార్డినో వైపు 31వ జిల్లాలో నలుగురు డెమోక్రాట్లు పోటీపడి ఓట్లు చీల్చుకున్నారు, ఇద్దరే నిలబడ్డ రిపబ్లికన్లు గ్యారీ మిల్లర్, బాబ్ డటన్ మొదటి రెండు స్థానాల్లోకి వచ్చేశారు. అదే జిల్లాలో నవంబరులో ఒబామాకు మంచి మెజారిటీ వచ్చింది, కానీ ప్రతినిధుల సభకి ఓటెయ్యడానికి బ్యాలెట్ మీద ఒక్క డెమోక్రాట్ కూడా లేడు. 2024 సెనేట్ ఎన్నికలో ఆడం షిఫ్ వాడిన ఎత్తుగడ కూడా మీకు గుర్తుండే ఉంటుంది: రిపబ్లికన్ స్టీవ్ గార్వీ "మరీ కన్జర్వేటివ్" అంటూ టీవీలో యాడ్స్ గుప్పించి, ఆయన్ని రిపబ్లికన్ ఓటర్ల దృష్టిలో పెంచి, సాటి డెమోక్రాట్ కేటీ పోర్టర్‌కి రెండో స్థానం దక్కకుండా చూసుకున్నారు. రూల్స్ ప్రకారం తప్పు లేదు, కానీ ఓటరుని ఇలా ఆడించగలిగే పద్ధతి మంచిది కాదు. నలుగురిని పంపితే ఈ ఆటలు చాలావరకు కుదరవు.

ప్రశ్న: ఒక సంఘం తన అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటుంటే బయటివాళ్లు వచ్చి ఓటేస్తామంటే ఊరుకుంటామా? పార్టీ కూడా అంతే కదా. (గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు)

మాస్టారూ, మీ వాదన అమెరికా సుప్రీంకోర్టు కూడా ఒప్పుకున్నదే. కాలిఫోర్నియాలో అంతకుముందు ఇంకో పద్ధతి ఉండేది, ఏ ఓటరైనా ఏ పార్టీ అభ్యర్థినైనా ఎంచవచ్చు. పార్టీలు కోర్టుకెళ్తే 2000లో ఏడుగురు జడ్జీలు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు నిలిచి దాన్ని కొట్టేశారు, తన అభ్యర్థిని ఎంచుకునే హక్కు పార్టీదే అన్నారు. అందుకే వాషింగ్టన్, కాలిఫోర్నియా, అలాస్కా పద్ధతుల్లో ప్రైమరీ "పార్టీ అభ్యర్థిని" ఎంపిక చెయ్యదు. నవంబరుకి ఎవరెవరు వెళ్లాలన్నది మాత్రమే తేలుస్తుంది. పార్టీ తనకు నచ్చినవాళ్లను బలపరుచుకోవచ్చు, ఎవరూ అడ్డు రారు. వాషింగ్టన్ పద్ధతిని 2008లో అదే కోర్టు నిలబెట్టింది.

కానీ "మా ఇంటి విషయం" అన్న వాదనకి ఇంకో చరిత్ర కూడా ఉంది, అది మర్చిపోవద్దని నా మనవి. టెక్సస్‌లో డెమోక్రాటిక్ పార్టీ చాలా ఏళ్లు ఇదే మాట చెప్పి నల్లజాతివాళ్లను ప్రైమరీలోకి రానివ్వలేదు. అప్పట్లో అక్కడ ఆ పార్టీ ప్రైమరీ గెలిస్తే పదవి వచ్చినట్టే, అంటే నవంబరులో ఓటున్నా లేనట్టే. హ్యూస్టన్‌లో లానీ స్మిత్ అనే పళ్ల డాక్టరు కేసు వేస్తే, థర్గుడ్ మార్షల్ వాదిస్తే, 1944లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. పదవి ఎవరికన్నది ఆ గదిలోనే తేలుతుంటే ఆ గది ప్రైవేటు గది ఎలా అవుతుందండి? పైగా చాలా రాష్ట్రాల్లో ప్రైమరీ ఖర్చు ప్రజలదే, పోలింగ్ బూత్, సిబ్బంది, లెక్కింపు అన్నీ ప్రభుత్వానివే. పార్టీ తన సొంత డబ్బుతో, సొంత హాల్లో సభ పెట్టుకుని అభ్యర్థిని ఎంచుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు.

ప్రశ్న: వర్జీనియాలో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచిన గజాలా హష్మీ మన హైదరాబాద్‌లో పుట్టినవారని గర్వపడ్డాం. కానీ ప్రైమరీలో ఆమెకు 30 శాతం కూడా రాలేదట కదా? (ఆష్‌బర్న్)

అవును, 2025 జూన్ డెమోక్రాటిక్ ప్రైమరీలో ఆరుగురు పోటీ చేశారు, హష్మీకి 27 శాతం పైచిలుకు వచ్చింది, రెండు, మూడు స్థానాల్లో ఉన్నవాళ్లు రెండు శాతం లోపు తేడాలో ఉన్నారు. నవంబరులో రాష్ట్రమంతా ఆమెను గెలిపించింది కాబట్టి ఆ పదవికి ఆమె అర్హతను ఎవరూ వేలెత్తి చూపలేరు. అయినా మీరు అడిగింది న్యాయమైన ప్రశ్నే. నలుగురైదుగురు బలమైనవాళ్లు నిలబడితే, నూటికి డెబ్భై మంది వద్దనుకున్నవాళ్లు కూడా గెలిచేయొచ్చు. టెక్సస్, జార్జియా లాంటి రాష్ట్రాలు సగం దాటకపోతే రెండోసారి పోలింగ్ పెడతాయి, దానికి జనం ఇంకా పల్చబడతారు. వరసలో ఓటేసే పద్ధతిలో ఆ రెండో పోలింగ్ అక్కర్లేదు: అందరికంటే తక్కువ వచ్చినవాళ్లను తీసేసి, వాళ్ల ఓటర్ల రెండో ఇష్టాన్ని మిగతావాళ్లకు కలుపుతూ పోతారు. మీకు దగ్గర్లోని ఆర్లింగ్టన్‌లో 2023లో కౌంటీ బోర్డు డెమోక్రాటిక్ ప్రైమరీ ఇలాగే జరిగింది. మీ కౌంటీలో ఎందుకు లేదని మీ బోర్డు సభ్యులని అడగండి.

దానిలోనూ లోపాలున్నాయి. 2022లో అలాస్కా ఉపఎన్నికలో మేరీ పెల్టోలా, సేరా పేలిన్, నిక్ బెగిచ్ పోటీపడ్డారు. మూడో స్థానంలో ఉన్న బెగిచ్‌ను తీసేశాక ఆయన ఓట్లలో సుమారు సగమే సాటి రిపబ్లికన్ పేలిన్‌కి వెళ్లాయి, పావు వంతు పైగా డెమోక్రాట్ పెల్టోలాకి వెళ్లాయి, ఐదో వంతు మంది రెండో పేరే రాయలేదు. పెల్టోలా గెలిచారు. బ్యాలెట్లు విడదీసి చూస్తే బెగిచ్ ఆ ఇద్దరిలో ఎవరితో ముఖాముఖి తలపడినా గెలిచేవాడని లెక్క తేలింది. ఇది చిన్న విషయం కాదు, రిపబ్లికన్ల కోపానికి కారణం ఉంది.

ప్రశ్న: 2024లో ఈ సంస్కరణలన్నీ ఓడిపోయాయి. ఇక ముగిసినట్టేనా? (బే ఏరియా)

దెబ్బ గట్టిగానే తగిలింది. ఐడహో, నెవాడా, కొలరాడో, ఆరిజోనా, మోంటానా, సౌత్ డకోటా, అన్ని చోట్లా ఓటర్లు వద్దన్నారు. నెవాడాలో అయితే 2022లో ఒకసారి ఆమోదించిన అదే ప్రతిపాదనను రెండోసారి తోసిపుచ్చారు, రెండు పార్టీల నాయకులూ కలిసి మరీ వ్యతిరేకించారు. 1975 నుంచి అందరికీ ఒకే ప్రైమరీ నడిపిన లూసియానా కూడా వెనక్కి వెళ్లింది, 2024లో చేసిన చట్టంతో 2026 నుంచి అమెరికా కాంగ్రెస్ (దేశ చట్టసభ) సీట్లకు పార్టీ ప్రైమరీలు వచ్చేశాయి.

ఎందుకు ఓడాయంటే, కొన్ని చోట్ల ప్రైమరీ తెరవడం, వరసలో ఓటెయ్యడం రెండూ ఒకే మూటలో కట్టి ఇచ్చారు, జనానికి మొదటిది సులువుగా అర్థమవుతుంది, రెండోది టెన్షన్ పెడుతుంది. అదొక్కటే కారణమని మాత్రం అనలేం, ఎందుకంటే సౌత్ డకోటాలో వరస ఓటు లేకుండానే ఓడింది. బయట రాష్ట్రాల డబ్బు పోసి యాడ్స్ వేస్తే స్థానికులకు అనుమానం రావడం సహజం. ఊళ్లో సభలు పెట్టి, నమూనా బ్యాలెట్ చేతికిచ్చి, వేసి చూపించే పని ముందు జరగాలి. ఓపిక కావాలి.

అలాస్కా మాత్రం నిలబడింది, రద్దు చేద్దామన్న ప్రతిపాదన వెయ్యి లోపు ఓట్ల తేడాతో ఓడింది. 2022 ఎన్నికల తర్వాత ఆ రాష్ట్ర సెనేట్‌లో 20 మందిలో 17 మంది, రెండు పార్టీలవాళ్లూ కలిసి ఒకే కూటమిగా ఏర్పడ్డారు. న్యూ మెక్సికో 2025లో చట్టం చేసి ఏ పార్టీకీ చెందనివాళ్లను ప్రైమరీలోకి రానిచ్చింది, గొడవ లేకుండా, ఓటింగ్ పద్ధతి జోలికి పోకుండా. నన్నడిగితే ముందు ప్రతి రాష్ట్రం కనీసం అంత చెయ్యాలి. ఫ్లోరిడాలో 2020లో మొదటి ఇద్దరి పద్ధతికి 57 శాతం మంది అవునన్నారు, అక్కడ రాజ్యాంగ సవరణకి 60 కావాలి కాబట్టి ఆగిపోయింది. 57 శాతం మంది కోరుకున్నది ముగిసిపోయిందని ఎలా అంటాం?

ప్రశ్న: ఇర్వింగ్‌లో ఉంటాం. టెక్సస్‌లో ఒక పార్టీ ప్రైమరీలో ఓటేస్తే ఆ ముద్ర పడిపోతుందేమోనని మావారు వెళ్లనంటున్నారు. నిజమేనా?

మీ ఓటరు రిజిస్ట్రేషన్‌లో పార్టీ అన్న గడే ఉండదండి టెక్సస్‌లో. ప్రైమరీ రోజున వెళ్లి ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడగడమే. ఏ పార్టీ ప్రైమరీలో వేశారన్నది పబ్లిక్ రికార్డులో కనిపిస్తుంది, ఎవరికి వేశారన్నది ఎవరికీ తెలియదు. ఆ ఏడాదికి ఒక్కటే నియమం: మార్చిలో ఒక పార్టీ బ్యాలెట్ తీసుకుంటే, మే నెలలో జరిగే రెండో విడతలో రెండో పార్టీది తీసుకోకూడదు. మార్చిలో అసలు వెళ్లకపోయినా మేలో ఏదో ఒకదానికి వెళ్లొచ్చు. నవంబరులో ఎవరికైనా వేసుకోవచ్చు, తర్వాతి ఎన్నికల ఏడాదికి ఆ లెక్క చెరిగిపోతుంది. మీవారికి ఇది చూపించండి, వెళ్లేటప్పుడు ఇద్దరూ ఫోటో ఉన్న ఐడీ మర్చిపోకండి.